తనంతట నిండు తుపాకి ఎందుకు మొరాయించినది?

1967 ఏప్రిల్, మే నెలలలో దక్షిణ వియత్నాం వాయవ్య మూలనున్న ఖే సాన్ కొండలపై ఘోరమైన పోరాటము జరిగినది. దానినుండి బ్రతికి బయటపడిన అమెరికా సైనికులు కొందరు తమ ఇండ్లకు వ్రాసిన ఉత్తరములలో శత్రువుకంటె తమ చేతిలోని తుపాకినే ఎక్కువగా నిందించిరి. ఒక గుండు ప్రేలిన పిమ్మట రెండవది ప్రేలలేదనియు, మరణించినవారి ప్రక్కన విప్పిన తుపాకులు పడియున్నవనియు వారి మొర. ఆ తుపాకి పేరు ఎం-16. అది చేతగాని యంత్రమా అనినచో కాదు. మొదటి పరీక్షలలో చక్కగా పనిచేసినదే. పరీక్షలో పనిచేసినది యుద్ధరంగమున ఎందుకు మొరాయించినదో తెలిసికొనుటకు ఉన్నత పాఠశాలలో చెప్పు భౌతిక, రసాయన శాస్త్రములు చాలును.

మన పోలీసువారు చిరకాలము వాడిన .303 రైఫిలును తలచుకొనుడు. ఒక గుండు ప్రేల్చిన పిమ్మట బోల్టు పిడిని చేతితో పైకెత్తి వెనుకకు లాగవలెను. ఖాళీ ఇత్తడి గుల్ల బయటపడును. పిడిని ముందుకు నెట్టినపుడు క్రొత్త తూటా గొట్టము మొదటనున్న గదిలోనికి దూరును. గుల్ల గదిలో బిగిసినచో సైనికుడు ఇంకొంచెము గట్టిగా లాగును. చేతికి స్పర్శజ్ఞానము ఉన్నది. అవసరమును బట్టి బలము హెచ్చించును, తగ్గించును. తనంతట నిండు తుపాకిలో ఈ పనులన్నియు ప్రేలుడు శక్తిలోని ఒక చిన్న భాగము చేయవలెను. ఆ శక్తి ఎంతయో రూపకల్పనలోనే నిర్ణయమైపోవును. ఎక్కువైనను చిక్కే, తక్కువైనను చిక్కే.

ఆ శక్తిని మొట్టమొదట విజయవంతముగా వాడుకొన్నవాడు హైరం మాక్సిం. న్యూటను మూడవ సూత్రము ప్రకారము గుండు ముందుకు పోయినపుడు తుపాకి వెనుకకు తన్నును. 3.56 గ్రాముల గుండు సెకనుకు 990 మీటర్ల వేగముతో వెలువడినచో దాని ద్రవ్యవేగము సెకనుకు సుమారు 3.5 కిలోగ్రాము-మీటర్లు, 3 కిలోగ్రాముల తుపాకి వెనుకకు సెకనుకు 1.2 మీటర్ల వేగముతో కదలును. గుండుతోబాటు వెలువడు వాయువుల ద్రవ్యవేగమును కూడ లెక్కించినచో ఇంకను కొంచెము ఎక్కువ. భుజమును నొప్పించు ఈ తన్నుతోనే 1884లో మాక్సిం తన మరతుపాకిని నడిపించినాడు. కొద్ది సంవత్సరములకు జాన్ బ్రౌనింగు మరొక దారి త్రొక్కినాడు. తుపాకి మూతినుండి వృథాగా పోవు వేడి వాయువులచేతనే పని చేయించవచ్చునని ఆయన గ్రహించినాడు. నేటి రైఫిళ్ళలో అధికభాగము ఈ రెండవ జాతివే.

యూజీన్ స్టోనరు 1950 దశాబ్దమున రూపొందించిన తుపాకియే తరువాత ఎం-16 అయినది. ఇందులో గొట్టము పైభాగమున, మూతికి కొంత ఇవతల, ఒక చిన్న రంధ్రము ఉన్నది. గుండు ఆ రంధ్రమును దాటగానే దాని వెనుకనున్న వాయువు కొంత పైకి ఎగదట్టి, సన్నని ఉక్కు నాళము వెంట వెనుకకు పరుగెత్తి, బోల్టును మోయు వాహకములోనికి చొరబడి దానిని వెనుకకు నెట్టును. వాహకము కదలినపుడు అందలి వంకర గాడి బోల్టును త్రిప్పును. బోల్టు పళ్ళు గొట్టమునుండి విడివడును. అప్పుడు కొక్కెము గుల్ల అంచును పట్టి బయటకు లాగును. వెనుకనున్న స్ప్రింగు అణగి, మరల విచ్చుకొని, అంతటిని ముందుకు తోయును. దారిలో మాగజైనునుండి క్రొత్త తూటా గదిలో చేరును. ఒక్కొక్కసారి ట్రిగ్గరు నొక్కి ప్రేల్చినను, నొక్కిపట్టి వరుసగా ప్రేల్చినను లోపలి చక్రభ్రమణము ఇదే. నిమిషమునకు 750 గుండ్ల వేగమున ఒక చక్రము పూర్తి యగుటకు పట్టు కాలము 0.08 సెకను.

ఇక్కడ ఇత్తడి గుల్ల చేయు పని గమనింపదగినది. మందు అంటుకొన్నపుడు గదిలోని పీడనము వాతావరణ పీడనమునకు సుమారు 3,500 రెట్లు చేరును. పలుచని ఇత్తడి ఉబ్బి గది గోడలకు అతుకుకొని, వాయువు వెనుకకు కారకుండ బిరడా వలె పనిచేయును. గుండు గొట్టము దాటుటకు పట్టునది రమారమి సెకనులో వెయ్యవ వంతు. అది దాటి పీడనము పడిపోగానే స్థితిస్థాపకత వలన ఇత్తడి కొంచెము ముడుచుకొని గోడను వదలును. అప్పుడే దానిని లాగవలెను. ముందుగా లాగినచో అది ఇంకను గోడను పట్టుకొనియే ఉండును. కొక్కెము అంచును చీల్చుకొని తాను మాత్రము వెనుకకు పోవును.

సరిగా ఇదే జరిగినది. స్టోనరు తన తుపాకిని ఒక రకపు మందుకు, అనగా సన్నని గొట్టపు ముక్కల వలెనున్న నైట్రోసెల్యులోజుకు, అనుగుణముగా రూపొందించినాడు. నిర్ణయించిన వేగమును హద్దుమీరని పీడనముతో సాధించుట ఆ మందుతో కష్టమని తేలి, 1964లో సైన్యము గుండ్రని రేణువుల మందును అంగీకరించినది. గుండు వేగము మారలేదు. గరిష్ఠ పీడనమును పెరుగలేదు. పైకి చూచినచో రెండును సమానమే. కాని క్రొత్త మందు తీరికగా కాలును. అందుచేత పీడనము నెమ్మదిగా తగ్గి, గుండు రంధ్రమును దాటు క్షణమున మునుపటికంటె ఎక్కువగా ఉండును. నాళములోనికి ఎక్కువ వాయువు జొరబడి వాహకమును విసురుగా నెట్టినది. ప్రేలుడు వేగము నిమిషమునకు 900 గుండ్ల దాపునకు, ఒక్కొక్కచోట అంతకు మించియు పోయినది. చక్రమునకు దొరకు కాలము 0.08 నుండి 0.067 సెకనుకు తగ్గినది. సెకనులో వందవ వంతు తేడా వలన ప్రాణములు పోవునని ఎవరు తలచిరి?

వేగము హెచ్చుటవలన ఇంకొక వింత కూడ ఉన్నది. బోల్టుకు శక్తి చాలక వెనుకకు పూర్తిగా పోనిచో క్రొత్త తూటా గదికి చేరదు. బోల్టు మితిమీరిన వేగముతో పోయి వచ్చినను, మాగజైను స్ప్రింగు తూటాను పైకెత్తులోపలనే అది దాటిపోవును. అప్పుడును తూటా చేరదు. ఒకదానికొకటి వ్యతిరేకమైన రెండు జబ్బులకు లక్షణము ఒక్కటే. లక్షణమునుబట్టి తొందరపడి మందిచ్చు వైద్యునివలె వ్యవహరించిన మరమ్మతుదారుడు ఇక్కడ తప్పక మోసపోవును.

క్రొత్త మందులో కాల్షియం కార్బొనేటు ఉండినది. పలనాటి సున్నపురాయిలో ఉన్న పదార్థమే అది. నైట్రోసెల్యులోజు నిలువయున్నకొలది మెల్లగా విచ్ఛిన్నమై ఆమ్లమును పుట్టించును. ఆమ్లము విచ్ఛిత్తిని ఇంకను త్వరపెట్టును. దానిని తటస్థీకరించుటకే కార్బొనేటును కలిపిరి. ఉద్దేశము మంచిదే. అయితే అది కాలిపోదు. దాని మిగులు సన్నని నాళములోను, బోల్టు భాగములలోను గారవలె పేరుకొన్నది.

వీటన్నిటికంటె మిన్నగా బాధించినది తుప్పు. వియత్నాం వానలలో, చెమటలో, తుపాకి గదిలోపలి ఉక్కు గుంటలు పడినది. సముద్రతీర గ్రామములలో కిటికీ ఊచలు ఎట్లగునో తెలిసినవారికి దీనిని వేరుగ చెప్పనక్కరలేదు. ఉబ్బిన ఇత్తడి ఆ గుంటలలోనికి దిగి కరచుకొనును. పీడనము తగ్గినను వదలదు. గది లోపల క్రోమియం పూత పూసియున్నచో ఇది జరుగదు. ఆ పూత మొదటి తుపాకులకు లేదు. పైగా ఈ తుపాకికి శుభ్రము చేయు పని అంతగా లేదను ప్రచారము వ్యాపించినది. చాలమంది సైనికులకు శుభ్రపరచు సామగ్రి అందనేలేదు. గుల్ల బిగిసినపుడు శుభ్రపరచు కడ్డీ గలవారు దానిని మూతిలోనుండి దూర్చి గుల్లను వెనుకకు పొడిచి ఊడదీసిరి. కడ్డీ లేనివారు దానికై కేకలు వేసిరి.

అమెరికా ప్రతినిధుల సభ ఉపసంఘము ఒకటి 1967లో విచారణ జరిపి, మందు మార్పిడిని, దాని ఫలితమును సరిగా పరీక్షింపకపోవుటను తీవ్రముగా ఖండించినది. అన్నిటికంటె విచారింపదగిన సంగతి ఒకటి అందు బయటపడినది. క్రొత్త మందుతో ప్రేలుడు వేగము హద్దు మీరుచున్నదని తయారీదారులు తెలుపగా, కర్మాగారములో తుపాకులను పాత మందుతోనే పరీక్షించుటకు అనుమతి లభించినది. యుద్ధరంగమునకు మాత్రము క్రొత్త మందు తూటాలే పోయినవి!

చికిత్స ఒక్కటి కాదు. స్ప్రింగు ముందరనున్న తాకుడు దిమ్మెను బరువైనదిగా మార్చి చక్రపు వేగమును తగ్గించిరి; ద్రవ్యరాశి పెరిగినచో అదే బలమునకు త్వరణము తగ్గును గదా. 1967 నుండి గదికి క్రోమియం పూత వచ్చినది. మందులో కార్బొనేటు పాలును తరువాత తగ్గించిరి. శుభ్రపరచు సామగ్రిని అందరికిని పంచిరి. 1968లో సైన్యము ఈ తుపాకి సంరక్షణను గూర్చి ఒక చిన్న పుస్తకము అచ్చువేసినది. అందు పేరాలకంటె బొమ్మలే ఎక్కువ. వానిని గీసినవాడు బొమ్మల కథలకు ప్రసిద్ధుడైన విల్ ఐస్నరు.