వేణ్నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయి?

మా అత్తయ్యకు 84 ఏళ్లు. మోకాళ్లు వంగవు. బకెట్లోంచి చెంబుతో ముంచి పోసుకోవడం కష్టమని బాత్‌రూంలో స్టూలు వేసుకుని హ్యాండ్ షవర్‌తో స్నానం చేస్తారు. పోయిన డిసెంబరులో ఒకరోజు పొద్దున లోపలినుంచి గట్టిగా పిలిచారు.

"అమ్మాయ్, వేణ్నీళ్లు ఆగిపోయాయే!"

నేను వెళ్లేసరికి ఒంటినిండా సబ్బు, వణుకు, చేతిలో షవర్లోంచి వట్టి చన్నీళ్లు. ఆవిడ మిక్సర్ పిడిని వేడివైపు పూర్తిగా తిప్పి ఉన్నారు. నేను తువ్వాలు అందుకునేలోపే వేణ్నీళ్లు ఒక్కసారిగా దూకాయి. భుజం ఎర్రగా కందిపోయింది. వెన్నపూస రాసి పడుకోబెట్టాను గానీ, ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు.

మేముండేది హైదరాబాదులో, ఉప్పల్ వైపు. మూడో అంతస్తు, అదే ఆఖరిది. నెత్తిమీదే ట్యాంకు. తాగడానికి కృష్ణా నీళ్లు, మిగతా అన్నిటికీ బోరు నీళ్లు. పిలవగానే వచ్చిన ప్లంబరు గుమ్మం దగ్గరే నిలబడి తేల్చేశాడు. "పై ఫ్లోరు గదా మేడం, ప్రెషర్ ఉండదు. పంపు పెట్టించుకోండి."

నేను హైస్కూల్లో 31 ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అతని మాటలో సగం నిజమే. నీటి మట్టం పది మీటర్ల ఎత్తులో ఉంటే కింద పడే ఒత్తిడి సుమారు ఒక కిలో, అంటే చదరపు సెంటీమీటరుకు. మా ట్యాంకు అడుగుకీ షవర్‌కీ మధ్య ఎత్తు మూడు మీటర్లు. అంటే మాకందేది 0.3 కిలో. గ్రౌండ్ ఫ్లోరు వాళ్లకు అదే ట్యాంకునుంచి ఒక కిలో పైనే అందుతుంది. అంతవరకూ సరే. కానీ ఆ ట్యాంకునుంచే వచ్చే చన్నీళ్లు అదే పంపులో బొటనవేలంత ధారగా పడుతున్నాయి! ఒత్తిడే లేకపోతే చన్నీళ్లు కూడా సన్నగానే రావాలి కదా. ప్రెషర్ పంపు కొనే ముందు ఈ ఒక్క ప్రశ్నకు జవాబు కావాలనుకున్నాను.

గీజర్లో నీళ్లను బయటికి తోసే యంత్రమేదీ ఉండదు. ఇది చాలామందికి తెలియదు. ట్యాంకునుంచి చన్నీళ్లు కింద ఇన్‌లెట్ గుండా లోపలికి చొరబడి, పైకి తేలిన వేణ్నీళ్లను అవుట్‌లెట్ గొట్టంలోకి నెడతాయి. చన్నీళ్లు ఎంత లోపలికి పోతే వేణ్నీళ్లు అంతే బయటికి వస్తాయి. కాబట్టి చన్నీళ్లు బాగుండి వేణ్నీళ్లు మాత్రమే తగ్గితే, అడ్డంకి గీజర్ ఇన్‌లెట్ దగ్గర మొదలై వేడి పంపు మూతి వరకూ ఉన్న దారిలోనే ఎక్కడో ఉండాలి. రెండూ సన్నగా వస్తుంటే గీజర్ జోలికి పోనక్కర్లేదు. ట్యాంకు, దానికింది గేట్ వాల్వ్, దిగే పైపు చూసుకోవాలి.

మర్నాడు 15 లీటర్ల బకెట్టు, గోడ గడియారం పెట్టుకుని కూచున్నాను. చన్నీళ్లతో బకెట్టు నిండడానికి రెండు నిమిషాలు. వేణ్నీళ్లతో ఆరు. పైగా ఆ ఆరు నిమిషాల్లో ధార ఒక్కతీరుగా లేదు. కాసేపు వేలంత, కాసేపు దారప్పోగంత, మళ్లీ వేలంత. ఆ తర్వాత వాష్‌బేసిన్ దగ్గరా వంటింటి సింకు దగ్గరా వేడి పంపులు విప్పి చూశాను. మూడుచోట్లా అదే ఊగిసలాట. ఒక్కచోటే అయితే ఆ పంపు జాలీలోనో లోపలి కార్ట్రిడ్జ్‌లోనో ఇసుక చేరిందనుకోవచ్చు. మూడింటికీ ఒకేసారి చెత్త చేరదు. మూడింటికీ ఉమ్మడిగా ఉన్నవి గీజరూ, దాన్నుంచి గోడలోకి పోయే వేడి పైపూ మాత్రమే.

రెండోసారి మా వీధిచివర హార్డ్‌వేర్ కొట్టు దగ్గర కూచునే ప్లంబరు పెద్దాయనను పిలిచాను. నేను చెప్పినదంతా విని, "పైపుల ఏమున్నదో సూడకుండ పంపు పెడితె ఏమొస్తదమ్మా" అన్నాడు. ఆయన మొదట చేసిన పని మెయిన్ బోర్డులో గీజర్ ఎంసీబీ దించడం. గోడమీది స్విచ్చి ఆపితే చాలదన్నాడు. నీళ్లు చల్లారేదాకా గంటసేపు ఆగి, అప్పుడు పానా తీశాడు.

ముందు గీజర్ అవుట్‌లెట్ దగ్గర కనెక్షన్ పైపు ఊడదీసి, అక్కడ బకెట్టు పట్టి, ఇన్‌లెట్ యాంగిల్ కాక్ తెరిచాడు. గీజర్ మూతిలోంచే ధార సన్నగా, ఆగి ఆగి పడింది. అంటే గోడలోని వేడి పైపు నిర్దోషి. గోడ పగలగొట్టాల్సి వస్తుందేమోనని నేను పడిన భయం అక్కడితో పోయింది. తర్వాత ఇన్‌లెట్ వైపు కనెక్షన్ పైపు గీజర్ దగ్గర విప్పి బకెట్లోకి వదిలితే నీళ్లు ధారాళంగా దూకాయి. ఇక మిగిలింది ఆ రెంటి మధ్య ఉన్నది. ఇన్‌లెట్‌కు బిగించి ఉండే, బొటనవేలంత పొడవున్న ఇత్తడి వాల్వ్. లోపలికి వెళ్లిన నీళ్లు వెనక్కి రాకుండా ఆపేదీ, ఒత్తిడి మరీ పెరిగితే బయటికి వదిలేదీ అదే.

ఆయన దాన్ని నా అరచేతిలో పెట్టాడు. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చూశాను. లోపల చిన్న స్ప్రింగు, దాని కొసన శనగబద్దంత ప్లాస్టిక్ బిళ్ల. స్ప్రింగు చుట్లమధ్య తెల్లటి సున్నపు గార గట్టిగా పట్టేసింది. బిళ్ల అంచున గరుకు గరుకుగా పెచ్చులు. పుల్లతో నొక్కితే బిళ్ల సగమే లోపలికి పోయి, ఒరిగి, కాసేపటికి టక్కున వెనక్కొచ్చింది. మా అత్తయ్య భుజం ఎందుకు కందిందో నాకప్పుడు కళ్లకు కట్టింది. మాకున్నదే 0.3 కిలో ఒత్తిడి. ఆ కాస్త బలంతో గార పట్టిన స్ప్రింగును నెట్టుకుని నీళ్లు లోపలికి పోవాలి. బిళ్ల ఇరుక్కుంటే వేణ్నీళ్లు ఆగుతాయి, మిక్సర్లో చన్నీళ్లే మిగులుతాయి. ఆవిడ పిడిని ఇంకా వేడివైపు తిప్పుతారు. బిళ్ల విడివడగానే వేణ్నీళ్లు మీదపడతాయి. కింది అంతస్తులో అయితే ఎక్కువ ఒత్తిడి ఆ బిళ్లను ఎలాగోలా నెట్టేసేది, తేడా ఇంత తెలిసేది కాదు.

ఈ గార ఎక్కడినుంచి వచ్చిందంటే, మా బోరునుంచే. నీళ్లు పరీక్ష చేయిస్తే కాఠిన్యం లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటింది. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 చెప్పే హద్దు 200, వేరే గతి లేనిచోట 600. నేలలో కరిగిన కాల్షియం చన్నీళ్లలో బైకార్బనేటుగా కనబడకుండా ఉంటుంది. కాగేసరికి అది కార్బనేటుగా మారుతుంది, అంటే సున్నపురాయి. అది నీళ్లలో కరగదు, ఎక్కడ వేడి తగిలితే అక్కడ అంటుకుంటుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు వంద లీటర్లు గీజర్ దాటితే, ఏడాదికి 18 కిలోల ఉప్పు ఆ గొట్టంలోంచి ప్రయాణం చేసినట్టు. అందులో పేరుకునేది కొద్ది భాగమే. కానీ ఇరుకు దారిలో ఆ కొద్దే చాలు. పైపు లోపలి వ్యాసం సగమైతే నీళ్లు సగం కావు, ఐదో వంతుకన్నా తక్కువకు పడిపోతాయి. నిన్నటిదాకా బాగానే ఉందే అని మనం ఆశ్చర్యపోయేది అందుకే.

పెద్దాయన పాత వాల్వ్ తీసేసి కొత్తది వేశాడు. ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. కొందరు ప్లంబర్లు నీళ్లు బాగా రావాలని ఆ వాల్వ్‌లోని బిళ్లను పీకేసి ఒట్టి గొట్టంలా బిగిస్తారు. ధార పెరుగుతుంది, మనకూ సంతోషంగానే ఉంటుంది. కానీ ట్యాంకు ఖాళీ అయినరోజు గీజర్లోని నీళ్లు వెనక్కి జారిపోవచ్చు, మనం తెలియక స్విచ్చి వేస్తే లోపలి కాయిల్ నీళ్లు లేకుండా కాలుతుంది. దయచేసి ఆ పని చేయనివ్వకండి. అలాగే నీళ్లు కాగేటప్పుడు వాల్వ్ పక్కనున్న చిన్న రంధ్రంలోంచి బొట్లు కారుతున్నాయని ఎంసీల్ పెట్టి మూసేవాళ్లున్నారు. 15 లీటర్ల నీళ్లు 25 డిగ్రీలనుంచి 65 డిగ్రీలకు కాగితే పావు లీటరు దాకా వ్యాకోచిస్తాయి. వెనక్కి పోయే దారి లేదు, పంపులన్నీ కట్టేసి ఉన్నాయి. ఆ పెరిగిన నీళ్లు ఎక్కడికి పోవాలి? ఆ రంధ్రం ఉన్నది అందుకే. ఎప్పుడూ కారుతూనే ఉంటే వాల్వ్ మార్చాలి తప్ప మూయకూడదు. పంపు విప్పగానే మొదట బుస్సుమని దూకి, మరుక్షణం ధార తగ్గడానికి కూడా ఈ వ్యాకోచమే కారణం. దూకిన తర్వాత వచ్చేదే మీ అసలు ధార. అది చన్నీళ్లతో సమానంగా ఉంటే బెంగపడక్కర్లేదు.

వాల్వ్ మారాక వంటింట్లో, బేసిన్‌లో ధార నిలకడగా వచ్చింది. షవర్లో మాత్రం ఇంకా కొంచెం తక్కువే. దాని జాలీ విప్పితే పాత పెచ్చులన్నీ అక్కడ చేరి ఉన్నాయి. గీజర్ పని చేయించినప్పుడల్లా జాలీలన్నీ విప్పి కడగాలని అప్పుడే తెలిసింది.

ఈ సంగతి ఫోన్లో చెబితే వరంగల్లో మా చెల్లెలు తన గోడు మొదలుపెట్టింది. వాళ్లకు వేణ్నీళ్లు ధారగానే వస్తాయిట గానీ, ఉన్నట్టుండి గోరువెచ్చన అయిపోతాయిట. గీజర్ ఇన్‌లెట్ కట్టేసి బేసిన్ దగ్గర వేడి పంపు విప్పమన్నాను. లోపలికి దారి మూశాం కాబట్టి కొద్దిగా వచ్చి ఆగిపోవాలి. దాని ఇంట్లో ఆగలేదు, చల్లగా వస్తూనే ఉన్నాయి. అంటే ఎక్కడో ఒక మిక్సర్లో చన్నీళ్లు వేడి పైపులోకి దూరుతున్నాయి. దొంగ దొరికింది బాత్‌రూంలో. హ్యాండ్ షవర్‌ను పిడిదగ్గరి మీటతో ఆపి, గోడమీది మిక్సర్‌ను తెరిచే వదిలేస్తున్నారు. అక్కడ రెండు పైపులూ కలిసిపోతాయి, ఒత్తిడి ఎక్కువున్నవైపు తక్కువున్నదాంట్లోకి తోస్తుంది. మిక్సర్ కట్టేయడం అలవాటు చేసుకున్నాక బాధ పోయింది. చన్నీళ్ల పైపుకొక్కదానికే పంపు పెట్టించుకున్న ఇళ్లలో ఈ తంటా మరీ ఎక్కువ. పంపు నిజంగా కావాల్సిన ఇళ్లున్నాయి, చన్నీళ్లు కూడా సన్నగా వచ్చే ఆఖరి అంతస్తులవి. పెడితే ట్యాంకు దగ్గర, రెండు దారులూ చీలకముందే పెట్టించుకోవాలి.

ధారతోపాటు గుడగుడ శబ్దం, మధ్యమధ్య ఉమ్మినట్టు నీళ్లు వస్తుంటే గాలి చేరినట్టు. నీళ్లు కాగేకొద్దీ అందులో కరిగి ఉన్న గాలి బయటికొస్తుంది. వేడి పైపును ఫాల్స్ సీలింగ్ మీదుగా ఎత్తి మళ్లీ దింపిన ఇళ్లలో ఆ ఎత్తున గాలి నిలబడి, తక్కువ ఒత్తిడి నీళ్లను ఆపేస్తుంది. వేడి పంపులన్నీ ఒకేసారి పూర్తిగా విప్పితే కొంత తేరుకుంటుంది గానీ, పైపు వాలు సరిచేయిస్తేనే పూర్తిగా కుదురుతుంది.

మూడు లీటర్ల ఇన్‌స్టెంట్ గీజర్ వాడేవాళ్ల లెక్క వేరు. మూడు కిలోవాట్ల కాయిల్ 20 డిగ్రీల చలికాలపు నీళ్లను 40కి తేవాలంటే నిమిషానికి రెండు లీటర్లకు కాస్త ఎక్కువ మాత్రమే ఎడతెగకుండా కాచగలదు. సన్నగా వదులుకుంటేనే వేడి ఉంటుంది, అది చెడిపోయినట్టు కాదు.

మా ఇంట్లో థర్మోస్టాట్‌ను 55 దగ్గర పెట్టేశాను. వేడి పెరిగేకొద్దీ గార వేగంగా పడుతుంది, స్నానానికి అంతకుమించి అక్కర్లేదు, ఆవిడ చర్మానికీ మంచిది. రెండు నెలలకోసారి జాలీలన్నీ విప్పి, గోరువెచ్చటి నీళ్లలో రెండు చెంచాల నిమ్మఉప్పు వేసి రాత్రంతా నానబెడతాను. పొద్దునకు పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు. బాత్‌రూం కడిగే యాసిడ్ మాత్రం వాటికి తగలనివ్వను, పైపూతను తినేస్తుంది. ఏడాదికోసారి, చలి మొదలయ్యేలోపు, పెద్దాయన వచ్చి గీజర్ విప్పి, కాయిల్ గార గీకి, పక్కనుండే మెగ్నీషియం కడ్డీ అరిగిపోయిందేమో చూస్తాడు. బిగించాక ఆయన వేడి పంపు విప్పి, గాలంతా పోయి ధార కుదురుగా పడేదాకా నిలబడతాడు. అప్పటిదాకా ఎంసీబీ ఎత్తనివ్వడు.

పాత వాల్వ్‌ను పారేయలేదు. వంటింటి కిటికీలో పెట్టాను, పక్కింటివాళ్లు అడిగితే చూపించడానికి. దాని పక్కనే క్యాలెండరు. ప్రతి నెలా ఒకటో తారీఖున 15 లీటర్ల బకెట్టు నిండడానికి వేణ్నీళ్లకు ఎంతసేపు పట్టిందో దానిమీద రాస్తున్నాను. వాల్వ్ మార్చిన నెల రెండు నిమిషాల ఇరవై సెకన్లు. ఈ నెల రెండు నిమిషాల పాతిక.