వ్రాలు చేయుటకు ముందు



కుమారునకు విదేశమున సాఫ్టువేరు ఉద్యోగము దొరకినదని కబురు వచ్చిన దినమున, తనఖా పత్రముపై వ్రాలు చేయవలసినవారు ఇంటి పెద్దలే. కంప్యూటరు పని మనకు తెలియకపోవచ్చును. కాని ఋణపత్రము చదువనేర్చిన వానికి ఉద్యోగపత్రము చదువుట అసాధ్యము కాదు. అందు చూడవలసిన సంగతులను నేడు మనవి చేసెదను.

మొదట నిజమైన ఉద్యోగము వచ్చు మార్గమును చూతము. అమెరికాలో ఇట్టి పనులకు ముఖ్యమైన అనుమతి హెచ్-1బి వీసా. ఇది 1990వ సంవత్సరపు చట్టముచే ఏర్పడినది. దీనికై ఉద్యోగార్థి తనంత తాను దరఖాస్తు పెట్టుకొనజాలడు. పని ఇచ్చు కంపెనీయే అక్కడి ప్రభుత్వమునకు దరఖాస్తు పెట్టవలయును. సాధారణ కంపెనీల పనులకు ఏటేట 65,000 వీసాలును, ఆ దేశముననే ఉన్నత పట్టము పొందినవారికి మరి 20,000 వీసాలును మాత్రమే కలవు. కోరువారు అంతకు మించినచో అందరికిని దొరకవు. కావున "వీసా తప్పక ఇప్పింతును" అని ధనమడుగు మధ్యవర్తి తన చేత లేని వస్తువును అమ్ముచున్నాడని గ్రహింపుడు. పని లేదను నెపమున ఉద్యోగి జీతము ఆపుటయు ఆ దేశపు చట్టమునకు విరుద్ధము.

ఇక మోసపు మార్గము. థాయిలాండులో మంచి జీతమని ఆశపెట్టి, కంప్యూటరు విద్య గల యువకులను రప్పించి, దొంగతనముగా సరిహద్దు దాటించి, మ్యాన్మారులో నిర్బంధించుచున్నారని 2022 సెప్టెంబరులో మన విదేశాంగ శాఖ హెచ్చరించినది. అచ్చట వారిచే బలవంతముగా టెలిఫోను మోసములు, కంప్యూటరు మోసములు చేయించిరి. 2025 మార్చిలో మన ప్రభుత్వము విమానములు పంపి, ఆ చెరల నుండి విడుదలయైన 549 మందిని స్వదేశమునకు చేర్చినది. వారిలో తెలుగు బిడ్డలును ఉండిరి.

కావున మూడు ప్రశ్నలు అడుగుడు. జీతమిచ్చు కంపెనీ ఏది? దాని పేరు, ఊరు, జీతము, పని పత్రములో స్పష్టముగా ఉన్నవా? వీసా పని చేయుటకు ఇచ్చినదా, లేక ఊరక చూచి వచ్చుటకు ఇచ్చినదా? యాత్రికుల వీసాతో పోయి ఉద్యోగము చేసినవాడు ఆ దేశపు చట్టము దృష్టిలో దోషి యగును. కష్టము వచ్చినప్పుడు చెప్పుకొనుటకు జంకును. పంపు ఏజెంటునకు 1983వ సంవత్సరపు వలసల చట్టము క్రింద మన ప్రభుత్వపు లైసెన్సు కలదా? అట్టివారి పేర్లు ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ జాబితాలో ఉండును. హైదరాబాదులో వలసదారుల సంరక్షణాధికారి కార్యాలయమునను విచారింపవచ్చును. లైసెన్సు గల ఏజెంటు సైతము తన సేవకు 30,000 రూపాయలు, దానిపై పన్ను మించి పుచ్చుకొనరాదు.

ఇట్లు అడుగుట బిడ్డపై అపనమ్మకము కాదు. నిజమైన కంపెనీ తన కాగితములు చూపుటకు వెనుదీయదు. జవాబులు కాగితముపై కనబడిన పిమ్మటనే కలము చేతబట్టుడు.