పట్టు కుదిరితేనే పని

తొలకరి పడగానే బెళుగుప్ప పరిసరాలలో వేరుశనగ విత్తడానికి గొర్రు కడతారు. యంత్రపు గొర్రులో గింజలను ఎడం తప్పకుండా జారవిడిచేది గుంటలు గల ఒక చిన్న పళ్లెం. గుంట ఇరుకైతే గింజ నలుగుతుంది. వెడల్పైతే జంటగా పడుతుంది. కనుక నమూనా పళ్లెం చేసి, పరీక్షించి, సవరించి మరల చేయవలసి ఉంటుంది. అదను రాకముందే ఇదంతా ముగియాలి. ఇటువంటి నమూనాల తయారీలో కోతకంటే పట్టే కీలకమని వివరించడం మా ఉద్దేశం.

స్వేచ్ఛగా ఉన్న వస్తువుకు ఆరు విధాల చలనం ఉన్నది: మూడు దిశలలో జరగడం, మూడు అక్షాల చుట్టూ తిరగడం. అడుగున 3, ఒక ప్రక్క 2, వేరొక ప్రక్క 1 చొప్పున ఆనికలుంచితే దాని స్థానం నిర్ణయమవుతుంది. బిగింపు ఆ స్థానాన్ని నిలుపుతుంది.

వేల ముక్కలు చేసేచోట ప్రత్యేకమైన ఫిక్స్చర్ ఖర్చు అన్నింటికీ పంచబడుతుంది. నమూనా విషయంలో ఆ భారమంతా ఒకటి రెండు ముక్కలపైనే పడుతుంది. కావున ఒకే సాధనం పలు ఆకృతులకు పనికిరావాలి.

ఇందుకు కొన్ని మార్గాలున్నాయి. గుండ్రని పళ్లేనికి, దాని వ్యాసానికి సరిగా తొలిచిన మెత్తని దవడలను చక్కుకు అమర్చవచ్చు. చమురు పీడనంతో పనిచేసే చక్కు ప్రతిసారీ ఒకే బలంతో బిగిస్తుంది. పలుచని ముక్క వంగకుండా ఆ బలాన్ని తగ్గించవచ్చు. అయస్కాంతపు బల్ల ఉక్కును పట్టగలదు గాని అల్యూమినియంను పట్టలేదు. పలుచని రేకును శూన్యపు బల్ల పట్టుతుంది. అయితే దాని బలం చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలోకు మించదు.

మరొకటి జీరో పాయింట్ పద్ధతి. ముక్కను యంత్రం వెలుపలే ఒక పలకపై అమర్చి, ఆ పలకను యంత్రపు బల్లపై ఉంచుతారు. పలక అడుగునున్న మేకులను స్ప్రింగులు లాగి బిగిస్తాయి. గాలి పీడనం వాటిని విడిపిస్తుంది. పలకను తీసి మరల ఉంచినా స్థానభేదం మిల్లీమీటరులో కొద్ది వేయవవంతులే. మధ్యలో విద్యుత్తు పోయి గాలి ఆగినా పట్టు సడలదు. పల్లె కరెంటు నెరిగిన మనకు ఈ గుణం విలువ వేరే చెప్పనక్కరలేదు.

ఈ విద్యను నేర్పే సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుండి హైదరాబాదు బాలానగరంలో ఉన్నది. మన విద్యార్థులు అటు దృష్టి సారించాలని కోరుతున్నాము. మెట్టసేద్యపు అవసరాన్ని కన్నులారా చూసిన చేతులకే మంచి పనిముట్టు రూపు తెలుస్తుంది.