ఒకే టీము, రెండు పోటీలు

ఇంగ్లాండులో లెస్టర్ సిటీ అనే ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. 2015-16లో ప్రీమియర్ లీగులో 20 టీములలో మొదటి స్థానం గెలిచింది. ఆ ఏడు వాళ్ళకు యూరప్ పోటీలు లేవు. గెలిచినందుకు మరుసటి ఏడు యూరప్ పోటీ అయిన ఛాంపియన్స్ లీగులో చోటు దొరికింది. లీగులో 38 ఆటలు ఎలాగూ ఉన్నాయి, వాటిమీద ఇవి ఇంకో 10. వారం మధ్యలో వేరే దేశం పోయి ఆడి రావాలి, రెండు మూడు రోజులకే మళ్ళీ లీగు ఆట. అలుపు తీరదు, ప్రాక్టీసుకు టైం చాలదు. యూరప్‌లో చివరి 8 టీముల దాకా పోయారు గానీ లీగులో 12వ స్థానానికి పడిపోయారు. మంచి ఆటగాడు కాంటే వేరే క్లబ్‌కు పోవడం కూడా ఒక కారణం.

మేమూ జోనల్ ఖోఖో ఆడి రాత్రి వచ్చి, తెల్లారి లెక్కల పరీక్ష రాశాం. నాకు 11 మార్కులే వచ్చాయి. వార్డెన్ మేడం గారూ, ఈసారి మధ్యలో ఒక్క రోజు ఇప్పించండి.