పగడపు దీవిలో ఒక దినము

చెరువుగట్టున గాలము వేసేవాడు నీటిలో ఏమున్నదో చూడడు. ఎర గుచ్చి, దారము వదలి, బెండు కదిలేదాకా కూర్చుంటాడు. మనకు తెలిసిన గాలపు వేట ఇదే. అయితే మోకాటిలోతు ఉప్పునీటిలో నడుస్తూ, ముందు చేపను కంటితో చూచి, ఆ ఒక్క చేప ముందర ఎరను పడవేసే వేట మరియొకటి ఉన్నది. ఆ ఎరకు వాసన లేదు, రుచి లేదు. గాలపు ముల్లుకు ఈకలు, వెంట్రుకలు, దారపు పోగులు చుట్టి చేసిన బొమ్మ అది. ఈ వేటను 'ఫ్లై ఫిషింగ్' అంటారు. ఫ్లై అంటే ఈగ. మంచినీటి ఏరులలో కీటకములను పోలిన ఎరలతో ఈ విద్య పుట్టినది. సముద్రమునకు వచ్చేసరికి ఎర రొయ్యపిల్ల రూపము ధరించినది గాని, పేరు మాత్రము మారలేదు.

ఈ వేటకు పేరుపడిన చోట్లలో పసిఫిక్ మహాసముద్రములోని కిరితిమతి దీవి ఒకటి. అక్కడ వేటగాని వెంట ఒక దినము నడిస్తే, హైస్కూలు భౌతికశాస్త్రములోని కాంతి, చలనము, ఆటుపోట్లు మూడూ ఒకేచోట ఎదురవుతవి. ఒక చేప బ్రతకడానికి ఎంతటి చోటు కావలెనో కూడ తెలుస్తుంది.

వలయమువంటి దీవి

కిరితిమతి భూమధ్యరేఖకు సుమారు 2 డిగ్రీలు ఉత్తరముగా, హవాయి దీవులకు దక్షిణముగా 2,000 కిలోమీటర్లకు పైబడిన దూరములో ఉన్నది. అది కిరిబాతి దేశములోనిది. 1777 డిసెంబరు 24వ తేదీన కెప్టెన్ కుక్ ఇక్కడికి వచ్చి, క్రిస్మస్ పండుగ గడిపి, దీవికి ఆ పేరే పెట్టినాడు. ఆ దేశభాషలో 'తి' అని వ్రాసి 'స్' అని పలుకుతారు. కనుక కిరితిమతి అంటే క్రిస్మస్ అన్నమాటే.

నడుమ ఉప్పునీటి మడుగు, చుట్టు పగడపు గట్టు ఉన్న ఇటువంటి దీవిని అటోల్ అంటారు. నడిమి మడుగునకు లాగూను అని పేరు. మన లక్షద్వీపములు కూడ ఈ జాతివే. నేల విస్తీర్ణములో అటోలులన్నిటిలోను కిరితిమతి పెద్దది. దాని నేల సుమారు 388 చదరపు కిలోమీటర్లు.

నడిసముద్రములో ఇటువంటి ఉంగరము ఎట్లు ఏర్పడినది? పగడపు పురుగులు వెలుతురు చొరబడే లోతులేని నీటిలోనే గట్టు కట్టగలవు. సముద్రములో లేచిన అగ్నిపర్వతము చుట్టు అవి గట్టు కడతవి. పర్వతము మెల్లమెల్లగా క్రుంగిపోతూ ఉంటే, పగడములు వెలుతురు కోసము పైపైకి పెరుగుతవి. చివరకు పర్వతము మునిగి గట్టు మిగులుతుంది. చార్లెస్ డార్విన్ 1842లో ప్రకటించిన వివరణ ఇది. దీనికి ఋజువు 1952లో దొరికినది. ఎనివెటాక్ అటోల్‌లో బోరు వేసినప్పుడు, సుమారు 1,400 మీటర్ల సున్నపురాతి క్రింద అగ్నిపర్వత శిల తగిలినది. అంత లోతున పగడములు బ్రతకలేవు. కనుక క్రింది నేల క్రుంగి ఉండవలెను.

విరిగిన పగడముల పొడి, గవ్వల పొడి చేరి లాగూను అంచున తెల్లని ఇసుక తిప్పలు ఏర్పడతవి. మన వేటగాడు ఉదయము దిగేది ఈ తిప్పలమీదనే.

పోటుతో వచ్చే చేప

అతడు గడియారము కంటె ముందు పోటు వేళలు చూచుకొంటాడు. ఒక పోటుకు మరియొక పోటుకు నడుమ సుమారు 12 గంటల 25 నిమిషములు పడుతుంది. కనుక నేటి ఉదయపు పోటు రేపు సుమారు 50 నిమిషములు ఆలస్యముగా వస్తుంది. నీరు తీసినప్పుడు తిప్పమీద పీతలు, రొయ్యలు, పురుగులు ఇసుక బొరియలలో దాగి ఉంటవి. పోటు ఎక్కగానే, మేతకు పోయే మందవలె బోన్‌ఫిష్ అనే చేపలు లోతునీటి నుండి తిప్పమీదికి వస్తవి. ఒంటినిండ ముండ్లు కనుక దీనికి ఆ పేరు. అక్కడివారు దీనిని 'ఇకరి' అంటారు.

దీని నోరు ముట్టెకు దిగువన ఉంటుంది. తల వంచి ఇసుకను కుళ్ళగించి, దొరికిన పీతను గొంతులోని గుండ్రని పళ్ళతో నూరి తింటుంది. నీరు పలుచగా ఉంటే అప్పుడు దాని తోక గాలిలోకి లేచి తళుక్కుమంటుంది. వేటగానికి అదే ఆనవాలు.

కనబడని చేపను చూచుట

నీరు కొంచెము లోతైతే తోక కనబడదు. చేప ప్రక్కలు అద్దములవంటివి. చర్మములోను పొలుసులలోను ఉన్న గ్వానీను స్ఫటికముల పొరలు చుట్టుపట్ల వెలుతురునే తిరిగి పంపుతవి. అందుచేత తెల్లని ఇసుకమీద చేప తెల్లగాను, పచ్చని నీటిలో పచ్చగాను కనబడుతుంది. దాచుకోలేనిది దాని నీడ ఒక్కటే. అనుభవము గలవాడు చేపను గాక, ఇసుకమీద కదిలే నీడను వెదకుతాడు.

కాని నీటిమీది మెరుపు ఆ నీడను కూడ కప్పివేస్తుంది. ఇక్కడ ధ్రువణ కళ్ళద్దములు అక్కరకు వస్తవి. నీటిమీద పరావర్తనము చెందిన వెలుతురులో కంపనములు ఎక్కువగా అడ్డముగా ఉంటవి. లంబమునకు సుమారు 53 డిగ్రీల కోణములో చూస్తే అవి దాదాపు పూర్తిగా అడ్డముగానే ఉంటవి. ఈ కోణమునకు బ్రూస్టర్ కోణమని పేరు. నిలువు కంపనములను మాత్రమే పోనిచ్చే కళ్ళద్దము ఈ మెరుపును ఆపి, నీటి లోపలి నుండి వచ్చే వెలుతురును చూపిస్తుంది.

బాల్యము విశాఖపట్నములో గడిపిన సి.వి.రామన్ 1921లో మధ్యధరా సముద్రము మీద చేసినది ఇదే. నికల్ పట్టకముతో నీటిమీది మెరుపును తొలగించి చూస్తే, సముద్రపు నీలము పోలేదు సరిగదా, మరింత చక్కగా కనబడినది. ఆ రంగు కేవలము ఆకాశపు నీడ కాదని ఆయన గ్రహించినాడు. రామన్ నీటి రంగును చూచిన ఉపాయముతోనే వేటగాడు చేప నీడను చూస్తున్నాడు. తరగతిలో ఒక పళ్ళెములో నీరు పోసి, అడుగున నాణెము ఉంచి, కిటికీ మెరుపు పడేటట్లు ఏటవాలుగా ధ్రువణ కళ్ళద్దముతో చూడవచ్చును. అద్దమును 90 డిగ్రీలు త్రిప్పితే మెరుపు మారి, నాణెము మరుగుపడుట, బయటపడుట విద్యార్థులు చూడగలరు.

చేప కూడ మనిషిని చూస్తుంది. వక్రీభవనము వలన నీటిపై లోకమంతా దానికి సుమారు 97 డిగ్రీల శంకువులో ఇమిడి కనబడుతుంది. 30 సెంటీమీటర్ల లోతున ఉన్న చేపకు తలపైన సుమారు 68 సెంటీమీటర్ల వ్యాసము గల గుండ్రని కిటికీ ఉన్నట్లు లెక్క. దూరమున ఉన్న పొట్టి వస్తువులు ఆ కిటికీ అంచున సన్నగా, మసకగా ఉంటవి. వేటగాడు వంగి నడిచేది ఇందుకే.

బరువు లేని ఎరను విసరుట

ఈ ఎర బరువు ఒక గ్రాము లోపే. దూదిపింజను ఎంత బలముగా విసరినా దూరము పోనట్లు, దీనినీ ఊరక విసరలేము. అందుచేత ఇక్కడ విసరేది ఎరను కాదు, దారమునే. ఈ వేటకు వాడే ఎనిమిదవ నంబరు దారములో మొదటి 30 అడుగుల బరువు సుమారు 13.6 గ్రాములు. వేటగాడు తొమ్మిది అడుగుల కర్రను ముందుకు ఊపి చటుక్కున ఆపుతాడు. దారము గాలిలో మడతపడి, ఆ మడత ముందుకు పరుగెత్తుతుంది. మడతకు పైభాగము కదులుతూ ఉంటే, క్రిందిభాగము దాదాపు నిలిచి ఉంటుంది. మడత సాగేకొలది కదిలే భాగము పొట్టిదవుతుంది. ఉన్న శక్తి అంతకంతకు తక్కువ బరువులోనికి చేరుతుంది కనుక, గాలి అడ్డు ఉన్నా చివరిదాకా వేగము నిలుస్తుంది. బండి తోలేవాని చర్నాకోల చివర ఛెళ్ళుమనడానికి కారణము కూడ ఇదే.

ముల్లుకు ఒకప్రక్కన రెండు చిన్న లోహపు పూసలు కట్టి ఉంటవి. బరువు ఆ ప్రక్కకు చేరి, ఎర నీటిలో తలక్రిందై, ముల్లు మొన పైకి ఉంటుంది. ఇసుకలోను పగడములోను తగులుకొనదు. ఎర పడిన తరువాత దారమును కొంచెము కొంచెముగా లాగితే, రొయ్య పారిపోతున్నట్లు తోచి చేప వెంటబడుతుంది.

విడిచిన చేప బ్రతికినదా?

ముల్లు తగలగానే చేప లోతునీటివైపు దూకుతుంది. ఒక్క పరుగున నూరు మీటర్ల దారము లాగుకొని పోవడము కద్దు. చివరకు అలసి చేతికి వస్తుంది. చాలామంది వేటగాళ్ళు దానిని వెంటనే విడిచివేస్తారు. అయితే విడిచినంత మాత్రాన బ్రతికినట్లు కాదు. తిప్పలమీద చిన్న సొరచేపలు తిరుగుతూ ఉంటవి. ఎక్కువసేపు పోరాడించి, ఛాయాచిత్రము కోసము గాలిలో ఎత్తి పట్టుకొంటే చేప ఒరిగిపోతుంది. తిన్నగా నిలువలేని చేపను సొర సులభముగా పట్టుకొంటున్నదని బహామాస్ దీవులలో చేసిన పరిశీలనలు తెలిపినవి. కనుక కొక్కెపు మొన లేని ముల్లు వాడడము, చేతులు తడుపుకొని పట్టడము, చేపను నీటిలోనే ఉంచి ముల్లు తీయడము, సొరలు దగ్గర ఉంటే వేట ఆపడము మంచివారి పద్ధతి.

తిప్ప దాటిన తరువాత

సాయంకాలము నీరు తీస్తుంది. చేపలు తిప్పను విడిచిపోతవి. వేటగాని దినము ముగిసినది గాని చేప కథ ముగియలేదు.

బోన్‌ఫిష్ తిప్పమీద గ్రుడ్లు పెట్టదు. పౌర్ణమి ప్రాంతములలో గుంపులుగా కూడి, లాగూను దాటి, బయటి లోతుసముద్రమునకు పోతుంది. బహామాస్‌లో ఈ చేపలు గ్రుడ్లు పెట్టేముందు నూరు మీటర్లకు పైగా లోతునకు దిగినట్లు తెలిసినది. గ్రుడ్డు నుండి వచ్చే పిల్ల తల్లిని పోలదు. గాజువలె పారదర్శకముగా, రిబ్బనువలె పలుచగా ఉండి, కొన్ని వారములు నడిసముద్రములో తేలుతుంది. తరువాత నిడివి తగ్గి, కుదించుకొని, చేప రూపము పొంది తీరమునకు చేరుతుంది. ఈ విధమైన పిల్ల ఉండడమువలన బోన్‌ఫిష్ మలుగుపాములకు దూరపు చుట్టము.

అంటే ఈ చేప బ్రతుకునకు మేయడానికి తిప్ప, దాటడానికి దారి, గ్రుడ్లు పెట్టడానికి లోతుసముద్రము మూడూ కావలెను. ఒకటి మూసుకుంటే తక్కిన రెండు ఉన్నా లాభము లేదు. ఇది ఊహ కాదు. కిరితిమతికి పడమరగా 3,000 కిలోమీటర్లకు పైబడిన దూరములో, అదే దేశములోని తరావా అటోల్‌లో, 20వ శతాబ్దపు ఉత్తరార్ధమున దీవికి దీవికి మధ్య రోడ్డుకట్టలు వేసినారు. మనుష్యులకు రాకపోకలు సులభమైనవి. కాని కొన్ని కట్టలు చేపల దారికి అడ్డమైనవి. మిగిలిన దారులలో వలలు ఎక్కువైనవి. పౌర్ణమినాటి చేపల గుంపులు ఒకదాని తరువాత ఒకటి కనుమరుగైనట్లు అక్కడి వృద్ధ జాలరులు పరిశోధకులకు చెప్పినారు. ఏ గుంపు ఏ నెలలో, ఏ దారిన పోయేదో వారికి తెలుసు. కట్ట వేసేముందు వారిని అడిగి ఉంటే, క్రింద నీటికి ఎక్కడ దారి విడువవలెనో వారు చెప్పగలిగి ఉండేవారు.

కిరితిమతిలో 1980ల నుండి చాలా కుటుంబములకు దూరదేశపు వేటగాళ్ళకు దారి చూపడమే జీవనాధారము. వారికి బ్రతికి ఉన్న చేప మళ్ళీ మళ్ళీ కూలి ఇచ్చే చేప. ఒక చేపను మెలకువతో విడవడము వేటగాని చేతిలో ఉన్నది. ఆ చేప సముద్రమునకు పోయి రావడానికి దారి విడవడము దీవిని ఏలేవారి చేతిలో ఉన్నది. రెండవది లేనప్పుడు మొదటిది ఎంత శ్రద్ధగా చేసినా, కొన్నాళ్ళకు పోటు మాత్రమే తిప్ప ఎక్కుతుంది, చేప ఎక్కదు.