కుక్క కాళ్లు నాకుతోందా? బెంగ అని సరిపెట్టుకోకండి

అల్ఫారెట్టా (జార్జియా): రాత్రి పన్నెండున్నర. ఇల్లంతా నిద్రపోతుంటే ఒకటే చప్పుడు. మా లడ్డూ తన పడకను నాకుతున్న చప్పుడది. మొదట్లో ‘ఆపరా’ అని గదిలోంచే కేకేసేవాణ్ని. ఒక్క నిమిషం ఆపి మళ్లీ మొదలుపెట్టేది. పొద్దున లేచి చూస్తే పడక మీది గుడ్డ పిండితే నీళ్లు కారేంత తడిగా ఉండేది. ముందుకాళ్ల మీద లేత పసుపు బొచ్చు కాస్తా ఇటుక రంగుకు తిరిగింది.

లడ్డూ మా లాబ్రడార్. మూడేళ్లుంటాయి. మనలో చాలామందికి కుక్కను ఇంటి లోపల, మంచం పక్కన పెంచడం ఇక్కడికొచ్చాకే అలవాటైంది. ఊళ్లో కుక్క వాకిట్లో ఉండేది. మిగిలిన అన్నం పెట్టేవాళ్లం. అది కాళ్లు నాక్కుంటోందా లేదా అని ఎవరూ చూసిన పాపాన పోలేదు. అందుకే 2025 మార్చిలో ఇది మొదలైనప్పుడు మేమూ పెద్దగా పట్టించుకోలేదు.

పట్టించుకున్నాక కూడా ఇంట్లో తలా ఒక మాట అన్నాం. నేను వారానికి మూడు రోజులు ఆఫీసుకు వెళ్లడం మొదలైంది కాబట్టి ఒంటరితనం అని మా ఆవిడ. వాకింగ్ చాలట్లేదని మా అమ్మాయి. ఏప్రిల్‌లో తెనాలి నుంచి వచ్చిన అమ్మ మాత్రం, ‘దానికేదో బెంగ పట్టుకుందిరా నాన్నా’ అని తేల్చేసింది. నేనేమో పైకి అనకపోయినా, అమ్మ రోజూ మధ్యాహ్నం పెడుతున్న పెరుగన్నం మీద అనుమానం పెట్టుకున్నాను. ఒకరోజు అనేశాను కూడా. అమ్మ ఏమీ అనలేదు. మర్నాటి నుంచి దానికి పెట్టడం మానేసింది.

ఇప్పుడు చెబుతున్నాను. మా నలుగురిలో ఎవరి మాటా నిజం కాలేదు.

పసుపు పూసిన మార్చి

అట్లాంటా చుట్టుపక్కల ఉండేవాళ్లకు మార్చి నెల గురించి చెప్పక్కర్లేదు. కార్ల మీద, డెక్ మీద పసుపు చల్లినట్టు పైన్ చెట్ల పుప్పొడి. ఆ ఏడాది మార్చి 29న అట్లాంటాలో ఘనపు మీటరు గాలిలో 14,801 పుప్పొడి రేణువులు లెక్క తేలాయి. ఇక్కడ లెక్కలు మొదలైనప్పటి నుంచి అదే రికార్డు. అంతకుముందు 2012లో నమోదైన 9,369ని అది దాటేసింది. 1,500 దాటితేనే ‘అత్యధికం’ అంటారంటే ఆ రోజు పరిస్థితి ఊహించుకోవచ్చు.

కంటికి కనిపించే ఆ పసుపు పొడి నిజానికి పెద్ద దోషి కాదు. పైన్ రేణువులు పెద్దవి, అలర్జీ తెప్పించే గుణం తక్కువ. అదే సమయంలో కంటికి కనపడకుండా గాలిలో తిరిగే ఓక్, బర్చ్ పుప్పొడి అసలు బాధ పెడుతుంది. వేసవిలో గడ్డి, ఆగస్టు సగం దాటాక రాగ్‌వీడ్. మంచు కురిసే ఊళ్లలోలా ఇక్కడ పెద్ద విరామం ఉండదు.

మనకు అలర్జీ వస్తే తుమ్ములు, ముక్కు కారడం. కుక్కకు అలా కాదు. దాని అలర్జీ ఎక్కువగా చర్మం మీదే తేలుతుంది. పాదాలు, పొట్ట, చంకలు, చెవులు దురద పెడతాయి. గోక్కోవడానికి చేతుల్లేవు కాబట్టి నాలుకే దిక్కు. అటోపిక్ డెర్మటైటిస్ అనే ఈ జబ్బు సాధారణంగా ఆరు నెలల నుంచి మూడేళ్ల వయసులో బయటపడుతుంది. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు, ఫ్రెంచ్ బుల్‌డాగ్‌లలో ఎక్కువగా కనిపిస్తుంది.

ఆ ఇటుక రంగు రక్తమేమోనని మేం భయపడ్డాం. కాదట. లాలాజలంలో పోర్ఫిరిన్ అనే పదార్థం ఉంటుంది, రోజూ తడిస్తే లేత బొచ్చుకు ఆ రంగు పడుతుంది. అంటే రంగు మారిందంటే నాకుడు ఎన్నాళ్లుగానో సాగుతోందన్నమాట. తడి ఆరని వేళ్ల సందుల్లో ఈస్ట్, బ్యాక్టీరియా చేరతాయి. అవి ఇంకా దురద పెడతాయి, కుక్క ఇంకా నాకుతుంది. పాదాల దగ్గర పులిసిన వాసన వస్తే ఆ దశకు చేరినట్టే.

పది రోజుల నోట్‌బుక్

మే చివర్లో వెటర్నరీ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాం. ఆవిడ మొదట పరీక్షలేవీ చెప్పలేదు. మూడు ప్రశ్నలు అడిగారు. ఏ కాలు? ఏ సమయంలో? నాకడానికి ముందు ఏం జరిగింది? ఒక్కదానికీ మా దగ్గర సరైన జవాబు లేదు. ఆఫీసులో ఏ సమస్య వచ్చినా ‘ముందు లాగ్స్ చూడండి’ అని పిల్లలకు చెప్పే నేను, ఇంట్లో మూడు నెలలుగా ఊహల మీద నడిచాను.

ఆ ప్రశ్నల వెనక సంగతి ఆవిడే వివరించారు. ఒకే కాలు నాకుతుంటే ముల్లో, గడ్డి ఈటెో గుచ్చుకుందేమో, గోరు చీలిందేమో, కీలు నొప్పేమో చూడాలి. నాలుగు కాళ్లూ నాకుతుంటే అలర్జీ వైపు చూడాలి. వాకింగ్ నుంచి రాగానే అయితే గడ్డి, పుప్పొడి. తోక మొదట్లో, నడుము దగ్గర కూడా కొరుక్కుంటుంటే ఫ్లీలు, అంటే బొచ్చులో గెంతే చిన్న పురుగులు. జార్జియా వేడికి, తేమకు అవి ఏడాది పొడవునా ఉంటాయి. ఒకటి కూడా మన కంట పడక్కర్లేదు, అలర్జీ ఉన్న కుక్కకు కొద్ది కాట్లే చాలు. అందుకే అన్నిటికన్నా ముందు ఫ్లీల మందు క్రమం తప్పకుండా వేస్తున్నామా అని చూస్తారు.

బెంగ, విసుగు, ఒంటరితనంతో నాకే కుక్కలూ ఉంటాయి. కానీ ఒంట్లో కారణాలన్నీ వెతికాక చివరగా అనాల్సిన మాట అది. మేం మొదటే అనేశాం.

పది రోజులు రాశాం. అమ్మ కూడా తన పాత పంచాంగం వెనక తెలుగులో రాసిపెట్టింది. అన్నీ కలిపి చూస్తే ఒకటి కాదు, రెండు కథలు తేలాయి. కాళ్లు నాకడం వాకింగ్ తర్వాత, సాయంత్రం. పడక నాకడం మాత్రం రాత్రి పదకొండు దాటాకే. రెండూ ఒకే అలవాటు అనుకున్నవాళ్లం మేము. కాదు.

పడకది వేరే సంగతి

పడక, సోఫా, కార్పెట్, గోడ ఇలా ఒంటివి కాని వాటిని అదేపనిగా నాకే కుక్కల మీద మాంట్రియల్ విశ్వవిద్యాలయ పశువైద్యులు 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. అలాంటి 19 కుక్కలను పరీక్షిస్తే 14 కుక్కలకు జీర్ణకోశంలో ఏదో ఒక జబ్బు బయటపడింది. దానికి వైద్యం చేశాక సగానికి పైగా కుక్కల్లో నాకుడు బాగా తగ్గింది. చిన్న అధ్యయనమే. కానీ అప్పటిదాకా మానసికమని కొట్టిపారేసిన అలవాటు వెనక కడుపులో వికారం ఉండొచ్చని అది చూపించింది. మనకు వికారమైతే నోట్లో నీళ్లూరతాయి, నిమ్మకాయ వాసన చూస్తాం. కుక్కకు తెలిసింది నాకడం, మింగడం.

మా నోట్‌బుక్‌లో రాత్రి పదకొండు దగ్గర ఏముందో చూశాను. వారంలో నాలుగు రోజులు నాకు ఇండియా టీమ్‌తో కాల్. కాల్‌లో ఉండగా పక్కన ప్లేటు. చెక్కలు, చీజ్ ముక్కలు, పిజ్జా మిగిలితే దాని అంచులు. నా కాళ్ల దగ్గర పడుకునే లడ్డూకు తినేదాంట్లో సగం. శుక్ర, శని, ఆదివారాల్లో కాల్ లేదు. ఆ రాత్రుల్లో పడక తడవలేదు.

డాక్టర్‌గారు ఎలాగూ ఆహారం పరీక్ష చెప్పారు. ఆహార అలర్జీ తేల్చడానికి రక్తం, లాలాజలం పరీక్షలు నమ్మదగినవి కావు. కనీసం ఎనిమిది వారాలు డాక్టర్ ఇచ్చిన ప్రత్యేక ఆహారం ఒక్కటే పెట్టి చూడాలి. మధ్యలో ఒక్క బిస్కెట్ ముక్క పెట్టినా లెక్క మొదటికొస్తుంది. ఫ్లేవర్ కలిపిన మాత్రలు కూడా డాక్టర్‌ను అడిగి మార్చుకోవాలి. కుక్కల్లో ఎక్కువగా పడనివి బీఫ్, పాలపదార్థాలు, చికెన్, గోధుమ.

జూన్ మొదట్లో మొదలుపెట్టాం. రెండు వారాలు తిరక్కుండానే రాత్రి చప్పుడు ఆగిపోయింది. కాళ్లు మాత్రం అలాగే నాకుతూ ఉంది. ఎనిమిది వారాలయ్యాక ఒక్కొక్కటే తిరిగి పెట్టి చూడమన్నారు. మొదట పాత ఆహారం. ఏమీ కాలేదు. తర్వాత అమ్మ పెరుగన్నం, రెండు చెంచాలు. అదీ ఏమీ చేయలేదు. ఆ తర్వాత నా చీజ్, చెక్కలు. రెండో రాత్రికే పడక తడిసింది. పెరుగు పడిన కుక్కకు పాల అలర్జీ అనుకోలేం, కొవ్వు, వేపుడు దానికి అరగట్లేదని డాక్టర్‌గారు అన్నారు. ఇలాంటివి ఎక్కువైతే కుక్కలకు క్లోమం వాచి ప్రాణం మీదికి రావచ్చని కూడా హెచ్చరించారు.

ఆ పొద్దున అమ్మ వంటింట్లో ఉంది. ‘అమ్మా, నీ పెరుగన్నం కాదు, నా చెక్కలే’ అన్నాను. ‘చెక్కలు చేసింది కూడా నేనేగా’ అంది, వెనక్కి తిరక్కుండానే. మధ్యాహ్నానికి గిన్నెలో రెండు చెంచాల పెరుగన్నం కలిపి లడ్డూను పిలిచింది. అందరం పనుల మీద వెళ్లిపోతే, రోడ్డు మీద మనిషి కనపడని ఈ ఊళ్లో పగలంతా అమ్మకు తోడు అదొక్కటే. రెండున్నర నెలలు ఆ తోడు భోజనం ఆపించింది నా మాటే.

గరికంటే పడదట

ఇక కాళ్ల సంగతి. చర్మవ్యాధుల నిపుణురాలి దగ్గర చర్మం మీద చిన్న సూదులతో పరీక్ష చేయించాం. జబ్బు ఉందో లేదో చెప్పడానికి కాదు, ఏవి పడవో తెలుసుకుని వాటికి ఇంజెక్షన్లు తయారుచేయడానికి ఈ పరీక్ష. జాబితాలో ఓక్, ఇంటి దుమ్ములో ఉండే మైట్స్, బెర్ముడా గడ్డి వచ్చాయి.

బెర్ముడా అంటే ఈ చుట్టుపక్కల లాన్‌లలో చాలాచోట్ల పరిచే గడ్డే. ఆగస్టు చివర్లో వినాయక చవితి. అమ్మ పొద్దున్నే పెరట్లోకి వెళ్లి పూజకు గరిక కోసుకొచ్చింది. మా అమ్మాయి ఆ పోచలు చూసి, ఫోన్‌లో వెతికి, ‘నానమ్మా, బెర్ముడా గ్రాస్ అంటే ఇదే’ అంది. నిజమే. సైనోడాన్ డాక్టిలాన్ అని శాస్త్రీయ నామం, మన దూర్వారం, మన గరిక. వినాయకుడికి ప్రీతి, లడ్డూకు దురద.

ప్రతి కుక్కకూ ఒకే వైద్యం ఉండదు. దురద తగ్గించడానికి 2013లో ఆమోదం పొందిన అపోక్వెల్ మాత్రలు, 2016 నుంచి వాడుకలో ఉన్న సైటోపాయింట్ ఇంజెక్షన్ ఉన్నాయి. ఇంజెక్షన్ ఒకసారి చేస్తే నాలుగు నుంచి ఎనిమిది వారాలు పనిచేస్తుంది. అలర్జీ ఇంజెక్షన్లు నిదానంగా, నెలల మీద పనిచేస్తాయి. ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి. మేం ఇంట్లో చేసేవి చిన్న పనులే. వాకింగ్ నుంచి రాగానే నాలుగు పాదాలూ కడిగి, వేళ్ల సందులు పొడిగా తుడవడం. పడక గుడ్డ వారానికోసారి వేడినీళ్లలో ఉతకడం. బిగ్ క్రీక్ గ్రీన్‌వేలో పక్కనున్న గడ్డిలోకి దిగనీయకుండా కాంక్రీట్ దారి మీదే నడిపించడం.

మన వంటింటి వైద్యం వద్దు

మనకు చేయి ముందు వెళ్లేది పసుపు డబ్బా మీదికే. మేమూ కాళ్లకు పసుపు, కొబ్బరి నూనె రాశాం. లడ్డూ ఐదు నిమిషాల్లో నాకేసింది. పాదానికి రాసింది ఏదైనా కడుపులోకే వెళుతుందని గుర్తుపెట్టుకోండి. టీ ట్రీ ఆయిల్ కుక్కలకు విషం. పిల్లల డైపర్ రాష్‌కు వాడే జింక్ క్రీములు, మనుషుల స్టెరాయిడ్ క్రీములు రాయకూడదు. పెట్టేదాంట్లో కూడా ఉల్లి, వెల్లుల్లి ఉన్న కూరలు, ద్రాక్ష, కిస్‌మిస్ వేసిన పాయసం, జైలిటాల్ ఉన్న చక్కెరలేని మిఠాయిలు ప్రమాదం.

పడక నాకడంతోపాటు వాంతులు, బరువు తగ్గడం, తిండి మానడం ఉంటే ఆలస్యం చేయొద్దు. పొట్ట ఉబ్బి, వాంతి రాకుండా వట్టిగా ఓకరిస్తుంటే అది అత్యవసరం. ఆ నిమిషమే ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

సెప్టెంబర్ చివర్లో అమ్మ తిరిగి వెళ్లిపోయింది. రాగ్‌వీడ్ రోజులు కావడంతో కాళ్లు అప్పుడప్పుడూ నాకుతూనే ఉంది, కానీ పాదాల దగ్గర కొత్త బొచ్చు మళ్లీ లేత పసుపుగా వస్తోంది. అలర్జీ నయమైపోయే జబ్బు కాదు, అదుపులో ఉంచుకునే జబ్బు. రాత్రి కాల్స్ అలాగే ఉన్నాయి. ప్లేటు మాత్రం ఇప్పుడు వంటింట్లోనే వదిలి వస్తాను.

వీడియో కాల్‌లో అమ్మ మొదటి ప్రశ్న నా గురించి కాదు. ‘దాని కాళ్లు చూపించరా’ అంటుంది. ఫోన్ కింద పెట్టి ఒక్కో పాదం చూపిస్తాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని నాలుగూ చూశాకే మిగతా మాటలు.