కాపీ కొట్టారా? ‘చరిత్ర’లో ఉండిపోతారు!

బీటెక్ మూడో ఏడాదిలో నా రెజ్యూమెలో గొప్పగా ఒక లైను చేర్చా. ‘తెలుగు వికీపీడియాలో రాస్తుంటాను’ అని. పక్కనే యూజర్‌నేమ్ కూడా ఇచ్చా. ఫైనలియర్‌లో ఓ కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్తే, ప్యానెల్‌లో ఒకాయన అక్కడే ల్యాప్‌టాప్‌లో ఆ పేరు కొట్టి చూశారు. ‘కాపీహక్కుల ఉల్లంఘన, వారం రోజుల నిరోధం అని ఉంది. ఏంటి బాబూ ఇది?’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆ ఉద్యోగం రాలేదు. అదొక్కటే కారణమని చెప్పను కానీ, ఆ గదిలో నేను నీళ్లు నమిలిన తీరు ఇప్పటికీ గుర్తే.

అసలేం జరిగిందంటే...

మాది రేపల్లె. చదివింది బాపట్లలో. పొద్దున్నే రేపల్లెలో రైలెక్కి, తెనాలిలో మారి, బాపట్లలో దిగాలి. తెనాలి ప్లాట్‌ఫాం మీద ఎదురుచూసే టైమ్‌లోనే ఫోన్‌లో వికీపీడియా అలవాటైంది. ఓ రోజు మా వైపు గుడి గురించిన పేజీలో రెండే లైన్లు కనిపించాయి. ఇంట్లో ఉన్న పుస్తకంలోంచి మూడు పేరాలు మక్కీకి మక్కీ దించేశా. సాయంత్రానికి పోయాయి. మళ్లీ పెట్టా. ‘ఇది కాపీహక్కులున్న పాఠ్యం, మీ సొంత మాటల్లో రాయండి’ అని నా చర్చా పేజీలో మర్యాదగానే రాశారు. నేను చదివితేగా! మూడోసారి పెట్టగానే ఒక రోజు నిరోధం. పౌరుషానికి పోయి ఇంకో ఖాతా తెరిచి మళ్లీ పెట్టా. ఒక రోజు కాస్తా వారం అయింది.

ఎందుకంత పట్టింపు?

వికీపీడియా 2001 జనవరి 15న మొదలైంది. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో వచ్చింది. ఉచితంగా చదువుకోవచ్చన్నది అందరికీ తెలుసు. చాలామందికి తెలియనిది ఏంటంటే, అక్కడ మీరు ‘ప్రచురించు’ నొక్కగానే మీ రాతను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఇచ్చేసినట్టే. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అచ్చేసి అమ్ముకోవచ్చు కూడా. రాసినవాళ్లకు క్రెడిట్ ఇచ్చి, అదే లైసెన్సు కొనసాగిస్తే చాలు. మరి వేరేవాళ్ల పేరాలు తెచ్చి పెడితే? పక్కింటివాళ్ల సైకిల్‌ని వాళ్లకు చెప్పకుండా తెచ్చి, ఊరందర్నీ తొక్కుకోమన్నట్టు! ఆ హక్కు మీకు లేదు. అందుకే అలాంటి పాఠ్యాన్ని చూడగానే తీసేస్తారు.

ఏది కాపీ, ఏది కాదు?

మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రచయిత జీవితకాలం, చనిపోయిన మరుసటి ఏడాది నుంచి మరో 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. తెనాలి ఉదాహరణే తీసుకుందాం. అక్కడ స్థిరపడిన త్రిపురనేని రామస్వామి చౌదరి 1943లో మరణించారు. ఆయన రచనలపై హక్కులు 2003తోనే ముగిశాయి. వికీసోర్స్‌లో పూర్తిగా పెట్టుకోవచ్చు. అదే తెనాలిలో పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు 1980లో మరణించారు. ఆయన రచనలకు 2040 చివరి దాకా హక్కులున్నాయి. ఒకే ఊరు, ఇద్దరూ పెద్ద రచయితలే. కానీ ఒకరివి పెట్టొచ్చు, మరొకరివి పెట్టకూడదు.

ఇంకొన్ని గుర్తుంచుకోండి.

• వాస్తవాలకు కాపీరైట్ లేదు, వాటిని చెప్పిన వాక్యాలకు ఉంది. బాపట్ల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడిందన్న సంగతి ఎవరైనా రాయొచ్చు. ఏదో పత్రిక ఆ వార్త రాసిన వాక్యాలను దించకూడదు.

• ‘ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంది కదా’ అనుకోవద్దు. సర్కారు ప్రచురణలకూ 60 ఏళ్ల హక్కులుంటాయి.

• నాలుగు పదాలు మార్చినంత మాత్రాన సొంత రాత కాదు. పుస్తకం మూసి, అర్థమైంది రాసి, ఆధారం కింద ఆ పుస్తకం పేరు ఇవ్వండి.

• ఇంగ్లిష్ వికీపీడియా నుంచి అనువదిస్తే ఆ సంగతి దిద్దుబాటు సారాంశంలో లింకుతో చెప్పాలి.

• గూగుల్‌లో దొరికిన ఫొటో వద్దు. సూర్యలంక బీచ్‌కి వెళ్లి మీ ఫోన్‌తో తీసిందే పెట్టండి.

పుణె నేర్పిన పాఠం

ఇది నా ఒక్కడి తప్పే అనుకునేవాణ్ని. కాదట! 2011లో వికీమీడియా ఫౌండేషన్ ‘ఇండియా ఎడ్యుకేషన్ ప్రోగ్రామ్’ పేరుతో పుణె కాలేజీల్లో విద్యార్థుల చేత ఇంగ్లిష్ వికీపీడియాలో వ్యాసాలు రాయించింది. పాఠ్యపుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి దించిన పేరాలు కుప్పలుతెప్పలుగా వచ్చిపడ్డాయి. వాటిని ఏరి శుభ్రం చేయలేక జీతం లేని వాలంటీర్లు తల పట్టుకున్నారు. చివరికి ఆ పైలట్‌ను అదే ఏడాది ఆపేయాల్సి వచ్చింది. కాలేజీలో రికార్డు కాపీ కొడితే ఎవరూ అడగరు. ఆ అలవాటే అక్కడ దొరికిపోయింది.

హెచ్చరిక వస్తే?

ముందు తీసేసినదాన్ని మళ్లీ పెట్టకండి. ఇంగ్లిష్ వికీపీడియాలో 24 గంటల్లో ఒకే పేజీలో మూడుసార్లకు మించి ఇతరుల మార్పుల్ని వెనక్కి తిప్పితే నిరోధం పడొచ్చు. మీదే రైట్ అనిపించినా చర్చా పేజీలో మాట్లాడండి. తెలుగు వికీలో ‘రచ్చబండ’ ఉంది, సందేహాలు అక్కడ అడగొచ్చు. నిరోధం శిక్ష కాదు, నష్టం ఆపడానికి వేసే బ్రేకు. తప్పు ఒప్పుకుని, ఇకపై ఎలా రాస్తారో చెబితే ఎత్తేసే అవకాశం ఉంటుంది. రెండో ఖాతా తెరిచారో, నాలాగే ఇంకా మునుగుతారు.

ఉద్యోగానికేంటి సంబంధం?

చాలా ఉంది. తొలగించిన పేజీ బయటివాళ్లకు కనిపించదు. కానీ నిరోధాల చిట్టా, చర్చా పేజీ పాత కూర్పులు ఎవరైనా చూడొచ్చు. ‘చరిత్ర’ ట్యాబ్ అంటే అదే. ఆఫీసులోనూ ఇంతే. లైసెన్సు చూడకుండా నెట్‌లోంచి కోడ్ తెచ్చి ప్రాజెక్టులో అతికిస్తే కంపెనీ చిక్కుల్లో పడుతుంది. చాట్‌బాట్ ఇచ్చినదాన్ని చదవకుండా పంపడమూ అలాంటిదే.

నేను మళ్లీ మొదలుపెట్టా. అదే గుడి, అదే పుస్తకం. ఈసారి సొంత మాటల్లో, ఆధారాలతో ఎనిమిది లైన్లు రాశా. అవి నిలిచాయి. తర్వాతి ఇంటర్వ్యూలో నిరోధం గురించి వాళ్లు అడక్కముందే నేనే చెప్పా. ఆ పాత పేరాలు, ఈ ఎనిమిది లైన్లు రెండింటి కథా వివరించా. ఆ ఉద్యోగం వచ్చింది.

మీరూ ఈ ఆదివారం మీ ఊరి పేజీ తెరవండి. జిల్లా పేరు పాతదే ఉందేమో చూడండి. రేపల్లె, బాపట్ల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నాయి, తెనాలి గుంటూరులోనే ఉంది. ఆధారంతో ఒక్క లైను సరిచేయండి. ఆ ఒక్క లైను మీదే అయి ఉండాలి, అంతే!